వానాకాలం అమ్మి చలికాలం కొనుక్కునే దేశం: నేపాల్ జలవిద్యుత్ లెక్కలు

జూలైలో నేపాల్ భారత్‌కు కరెంటు అమ్ముతుంది. జనవరిలో అదే నేపాల్ అవే లైన్ల మీదుగా భారత్ నుంచి కరెంటు కొనుక్కుంటుంది. దేశంలో ఉత్పత్తయ్యే విద్యుత్తు దాదాపు అంతా నీటి నుంచే వస్తుంది. హిమాలయాల నుంచి దిగే నదులకు కొదవ లేదు. అయినా ఏటా చలికాలం వచ్చిందంటే పక్క దేశం వైపు చూడక తప్పదు.

పర్వత దేశాల్లో జలవిద్యుత్ మంచిదా చెడ్డదా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఒకరు స్వచ్ఛమైన కరెంటు, ఎగుమతి ఆదాయం, ఉద్యోగాలు అని చదువుతారు. ఇంకొకరు ముంపు, చేపల నాశనం, వరదలు, అప్పులు అని చదువుతారు. రెండు జాబితాలూ నిజమే. అందుకే వాటిని పక్కపక్కన పెట్టుకుంటే చర్చ అంగుళం కూడా కదలదు. వాటి కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుందని నాకనిపిస్తుంది: ఈ ప్రాజెక్టు ఏ నెలలో కరెంటు ఇస్తుంది? దానికి జవాబు దొరికితే లాభం ఎవరికి, నష్టం ఎవరికి, ప్రమాదం ఎక్కడ అన్నవి చాలావరకు బయటపడతాయి. ఈ ప్రశ్నను నేపాల్ చూసినంత దగ్గరగా చూసిన దేశాలు తక్కువ.

22 మీటర్ల డ్యామ్‌తో 456 మెగావాట్లు

డ్యామ్ అనగానే మన కళ్ల ముందు నాగార్జునసాగరో శ్రీశైలమో మెదులుతుంది: నదికి అడ్డంగా పెద్ద గోడ, వెనక సముద్రంలాంటి జలాశయం. నేపాల్లో ఉన్న ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం అలా ఉండవు. దోలఖా జిల్లాలో 2021లో మొదలైన అప్పర్ తామాకోశీనే తీసుకుందాం. 456 మెగావాట్లతో అప్పటికి దేశంలో అతి పెద్దది. దాని డ్యామ్ ఎత్తు 22 మీటర్లు. సాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు.

కిటుకంతా నీరు పడే ఎత్తులో ఉంది. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు వంద మీటర్ల ఎత్తు నుంచి టర్బైన్ మీద పడితే, నష్టాలు పోను మెగావాట్‌కు కాస్త తక్కువ కరెంటు వస్తుంది. మైదానంలో ఎత్తు దొరకదు కాబట్టి నీటిని ఎక్కువ వాడాలి, గోడ ఎత్తు పెంచాలి. కొండల్లో ఎత్తు ప్రకృతే ఇస్తుంది. అప్పర్ తామాకోశీలో సెకనుకు 66 ఘనపు మీటర్ల నీటిని పక్కకు మళ్లించి, కొండ లోపల దాదాపు 8 కిలోమీటర్ల సొరంగంలో పంపి, 822 మీటర్ల ఎత్తు తేడాతో కిందికి వదులుతారు. ఆ నీరు టర్బైన్లను తిప్పి మళ్లీ నదిలోనే కలుస్తుంది. వచ్చిన నీటిని వచ్చినట్టే వాడుకునే ఈ పద్ధతిని రన్ ఆఫ్ ది రివర్ అంటారు.

దీని లాభాలు చిన్నవి కావు. పెద్ద జలాశయం లేదు కాబట్టి ఊళ్లకు ఊళ్లు మునగవు. చెట్లూ చేమా మునిగి కుళ్లి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వచ్చే బెడద కూడా తక్కువ. కట్టడం పూర్తయ్యాక ఇంధనం ఖర్చంటూ ఉండదు. బొగ్గు, గ్యాస్ లేని దేశానికి ఇంతకన్నా ఏం కావాలి?

కావాల్సింది చలికాలపు నీరు. నేపాల్లో కురిసే వానలో దాదాపు ఐదింట నాలుగు వంతులు జూన్, సెప్టెంబరు మధ్యే కురుస్తుంది. డిసెంబరు నుంచి నదులు సన్నబడతాయి, ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి మరీ చిక్కిపోతాయి. అప్పుడు చాలా ప్రాజెక్టులు తమ సామర్థ్యంలో మూడో వంతుకు అటూ ఇటూగానే నడుస్తాయి. ఏడాది జీతమంతా నాలుగు నెలల్లోనే చేతికొచ్చే ఇంట్లో దాచుకునే పెట్టె లేకపోతే ఎలా ఉంటుందో, నేపాల్ గ్రిడ్ అలా ఉంటుంది. పైగా చలికాలమే జనానికి హీటర్లు, గీజర్లు కావాల్సిన సమయం. పేపర్లో కనిపించే మెగావాట్ల అంకె గరిష్ఠ సామర్థ్యం మాత్రమే. కరెంటు బిల్లు కట్టేవాడికి పనికొచ్చేది జనవరి సాయంత్రం ఆరింటికి అందులో ఎంత వస్తుందన్నది.

నేపాల్ ప్రభుత్వ విద్యుత్ సంస్థకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే రన్ ఆఫ్ ది రివర్ ప్రాజెక్టుల నుంచి వానాకాలం యూనిట్‌ను 4.80 నేపాలీ రూపాయలకు, ఎండు నెలల యూనిట్‌ను 8.40కి కొనేలా ఒప్పందాలు చేసుకుంటూ వచ్చింది. జలాశయం ఉండి నీటిని దాచగలిగే ప్రాజెక్టుకైతే ఆ ధరలు 7.10, 12.40. అంటే చలికాలపు యూనిట్ వానాకాలపు యూనిట్ కన్నా విలువైందని ఆ సంస్థ ఒప్పందాల్లోనే రాసిపెట్టింది. అయినా కొత్తగా కట్టేవాళ్లలో ఎక్కువమంది ఇన్నాళ్లూ చవకగా, త్వరగా తేలే రన్ ఆఫ్ ది రివర్ వైపే పోయారు. జలాశయమంటే భూసేకరణ, భూసేకరణంటే ఏళ్ల తరబడి టెన్షన్. ప్రైవేటు పెట్టుబడిదారు ఆ జోలికి ఎందుకు పోతాడు?

చీకటి ఏళ్లు, ఆ తర్వాత

నేపాల్లో మొదటి జలవిద్యుత్ కేంద్రం 1911లో, రాణా వంశం పాలించిన కాలంలో, ఖాట్మండూ దగ్గర ఫర్పింగ్‌లో వచ్చింది. 500 కిలోవాట్లు. వెలుగులు రాజభవనాల వరకే. తర్వాత చాలా దశాబ్దాలు పని నత్తనడకే నడిచింది.

1990ల్లో అరుణ్ నది మీద ప్రపంచ బ్యాంకు సాయంతో 201 మెగావాట్ల ప్రాజెక్టు కట్టాలనుకున్నారు. ఖర్చు వంద కోట్ల డాలర్ల లెక్కలో తేలింది. అంత పేద దేశం ఒక్క ప్రాజెక్టు మీద అంత పెట్టడమేమిటని నేపాల్లోనే కొందరు ఇంజనీర్లు, ఉద్యమకారులు గట్టిగా అడ్డుకున్నారు. 1995 ఆగస్టులో ప్రపంచ బ్యాంకు తప్పుకుంది. ఈ నిర్ణయం మీద నేపాల్లో నేటికీ రెండు వర్గాలున్నాయి. అరుణ్ ఆగబట్టే దేశం చీకట్లో పడిందని ఒక వర్గం. ఆగబట్టే ఖిమ్తీ, భోటే కోశీ, చిలిమే లాంటి మధ్యతరహా ప్రాజెక్టులకు చోటు దొరికిందని, స్థానిక ఇంజనీర్లు పని నేర్చుకున్నారని ఇంకో వర్గం. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. ముఖ్యంగా చిలిమే విషయంలో: 22 మెగావాట్ల ఆ ప్రాజెక్టును విద్యుత్ సంస్థ, దాని ఉద్యోగులు, స్థానికులు, జనం వాటాలు వేసుకుని కట్టుకున్నారు. కానీ చీకటి మాత్రం వచ్చిన మాట నిజం. అంతర్యుద్ధం, రాజకీయ గందరగోళం వల్ల కొత్త ప్రాజెక్టులు రాలేదు, వాడకం పెరిగింది. 2008-09 చలికాలంలో కోత రోజుకు 16 గంటల దాకా వెళ్లింది. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పే టైమ్‌టేబుల్ చూసుకుని జనం బియ్యం వండుకున్నారు, పిల్లలను చదివించారు.

కోతలు 2016 చివర్లో ఖాట్మండూలో ఆగిపోయాయి. దానికి కారణం రాత్రికి రాత్రి వచ్చిన కొత్త డ్యామేమీ లేదు. అప్పుడే విద్యుత్ సంస్థ అధిపతిగా వచ్చిన కుల్మాన్ ఘిసింగ్ హయాంలో పరిశ్రమలకు దొడ్డిదారిన వెళ్తున్న ప్రత్యేక సరఫరాను తగ్గించారు, పీక్ గంటల్లో ఏ కేంద్రం ఎంత నడవాలో సరిగ్గా లెక్కగట్టారు. అదే ఏడాది మొదలైన ఢల్కేబర్-ముజఫర్‌పుర్ లైన్ మీద భారత్ నుంచి కరెంటు తెచ్చారు. (అదే ఘిసింగ్ 2025 సెప్టెంబరులో తాత్కాలిక ప్రభుత్వంలో ఇంధన మంత్రి అయ్యారు. విద్యుత్ సంస్థ అధిపతికి అంత జనాదరణ ఉన్న దేశం ఇంకోటి ఉందో లేదో.)

ఆ తర్వాత ప్రైవేటు ప్రాజెక్టులు వరసగా పూర్తయి మొత్తం సామర్థ్యం 3 వేల మెగావాట్లు దాటింది. దీని ఫలితం వీధుల్లో కనిపిస్తుంది. 2015లో భారత్ సరిహద్దులో సరుకు రవాణా ఆగిపోయిన దిగ్బంధంలో పెట్రోలు, గ్యాస్ సిలిండర్ల కోసం జనం అల్లాడిపోయారు. దేశానికి పెట్రోలు వచ్చేది భారత్ నుంచే. ఆ అనుభవం, తక్కువ పన్నులు, చవకైన చైనా కార్లు కలిసి ఇప్పుడు నేపాల్‌కు దిగుమతయ్యే కొత్త కార్లలో మూడింట రెండు వంతులకు పైగా ఎలక్ట్రిక్‌వే. బయటి నుంచి కొనే ఇంధనం స్థానంలో సొంత నది నీళ్లు పనిచేస్తున్నాయి. జలవిద్యుత్ లాభాల్లో దీనికే నేను మొదటి పీట వేస్తాను, ఎగుమతి ఆదాయం తర్వాతే.

ఎగుమతిలో ఉన్న చిక్కు వేరు. 2021 నవంబరులో భారత విద్యుత్ ఎక్స్ఛేంజ్‌లో, అంటే కరెంటు కొనే అమ్మే మార్కెట్లో, అమ్ముకోవడానికి మొదటిసారి 39 మెగావాట్లకు అనుమతి వచ్చింది. 2024 జనవరిలో పదేళ్లలో 10 వేల మెగావాట్లు అమ్మే ఒప్పందం కుదిరింది. 2025 జూన్ నుంచి వానాకాలం నెలల్లో భారత్ లైన్ల మీదుగా బంగ్లాదేశ్‌కు 40 మెగావాట్లు వెళ్తోంది. కానీ ఏ ప్రాజెక్టు కరెంటు కొనాలన్నది ఒక్కోదాన్నీ విడివిడిగా చూసి తేల్చేది భారత్. చైనా పెట్టుబడి గానీ చైనా కాంట్రాక్టర్ల పాత్ర గానీ ఉంటే ఒప్పుకోవడం లేదు. పైగా నేపాల్ అమ్మజూపేది వానాకాలంలో. భారత్‌లో పగటిపూట సోలార్ పుష్కలంగా ఉండి ఎక్స్ఛేంజ్ ధర పడిపోతుంది, సాయంత్రం మాత్రమే లేస్తుంది. నది పగలూ రాత్రీ ఒకేలా పారుతుంది. కొనేవాడు దాదాపు ఒక్కడే అయినప్పుడు, వాడికి అవసరం లేని గంటల్లో సరుకు పట్టుకెళ్తే ధర ఎవరు నిర్ణయిస్తారో చెప్పక్కర్లేదు. అమ్ముడుపోని రోజుల్లో నీటిని టర్బైన్ల మీదికి పంపకుండా ఊరికే వదిలేస్తారు.

సొరంగానికీ పవర్‌హౌస్‌కీ మధ్య

రన్ ఆఫ్ ది రివర్‌తో ముంపు తక్కువని చెప్పుకున్నాం. ఆ మాట విని నదికేమీ కాదనుకుంటే పొరపాటే. నీరు సొరంగంలోకి మళ్లిన చోటుకూ, తిరిగి కలిసే చోటుకూ మధ్య నది మిగలదు. చలికాలంలో అక్కడ కనిపించేది రాళ్లు, వాటి మధ్య సన్నని ధార.

కాలీ గండకీ మన వాళ్లకు కొత్త నదేం కాదు. సాలగ్రామాలు దొరికేది అందులోనే. ముక్తినాథ్ యాత్రకు వెళ్లిన తెలుగువాళ్లు ఆ నది ఒడ్డునే ప్రయాణిస్తారు. ఆ నది కింది భాగంలో, మిర్మీ దగ్గర, 2002 నుంచి 144 మెగావాట్ల కాలీ గండకీ-ఎ పనిచేస్తోంది. అక్కడ నది పెద్ద వంపు తిరుగుతుంది. వంపు రెండు కొసలనూ దాదాపు 6 కిలోమీటర్ల సొరంగంతో కలిపారు. ఇంజనీరు కళ్లతో చూస్తే అది అద్భుతమైన చోటు. ఆ వంపు వెంబడి చేపలు పట్టుకుని, పడవలు నడుపుకుని బతికిన బోటే కులస్తుల కళ్లతో చూస్తే బతుకుదెరువు పోయిన చోటు. గుడిసె మునగలేదు కాబట్టి వాళ్లు నిర్వాసితుల పట్టీలోకి సులువుగా రారు. పోయింది నదిలో నీరు. దానికి పట్టా ఉండదు.

కనీస ప్రవాహం వదలాలన్న నియమం ఉంది. అతి తక్కువ ప్రవాహం ఉండే నెల సగటులో 10 శాతమైనా కిందికి వదలాలని 2001 జలవిద్యుత్ విధానం చెబుతుంది. పర్యావరణ నివేదిక అంతకన్నా ఎక్కువ అడిగితే అది వర్తిస్తుంది. ఆచరణలో ఎండు నెలల్లో వదిలే ప్రతి ఘనపు మీటరూ 8.40 రూపాయల యూనిట్‌ను వదులుకున్నట్టే. ఆ గేటు దగ్గర నిలబడి కొలిచేవాడు లేనప్పుడు ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఒక్క ప్రాజెక్టయితే చేపలు ఎలాగో తట్టుకుంటాయేమో. ఒకే నది మీద ఒకదాని పవర్‌హౌస్ దగ్గరే ఇంకోదాని డ్యామ్ మొదలైతే, నది మొత్తం సొరంగాల్లోనే పారుతుంది. అనుమతులేమో ఒక్కో ప్రాజెక్టుకు విడివిడిగా ఇస్తారు. నది మొత్తానికి లెక్క చూసే బాధ్యత ఎవరి మీదా గట్టిగా లేదు.

ఇసుక, రాళ్లు, మంచు సరస్సులు

హిమాలయాలు వయసులో చిన్నవి, ఇంకా పెరుగుతున్నాయి, విరిగి పడుతున్నాయి. ప్రతి వానాకాలం నదుల్లో దిగే మట్టీ ఇసుకా అపారం. ఆ ఇసుకలో క్వార్ట్జ్ ఎక్కువ. ఉక్కు టర్బైన్‌ను అది అరగదీస్తుంది. పశ్చిమ నేపాల్లోని 12 మెగావాట్ల ఝిమ్రుక్ కేంద్రం ఈ అరుగుదలకే పేరు పడింది. నీటిని ముందు పెద్ద తొట్లలో నిలిపి ఇసుకను పేరనిచ్చాకే లోపలికి పంపుతారు. వరద మరీ బురదగా వస్తే యంత్రాలు ఆపేస్తారు, ఎందుకంటే ఆ రోజు అమ్మే కరెంటు కన్నా రిపేరు ఖర్చు ఎక్కువ.

జలాశయమైతే పూడికే అసలు శత్రువు. నేపాల్ చాలాకాలం చెప్పుకునేందుకు ఒక్కటే పెద్ద జలాశయ ప్రాజెక్టు ఉండేది: కులేఖానీ. 114 మీటర్ల డ్యామ్, 1982 నుంచి కరెంటు, చలికాలం సాయంత్రాలకు ఆదుకునే నిల్వ. 1993 జూలైలో ఒక్క రోజులో ఆ ప్రాంతంలోని టిస్టుంగ్‌లో 540 మిల్లీమీటర్ల వాన పడింది. కొండచరియలు విరిగి జలాశయంలోకి ఏళ్లకు సరిపడా మట్టి ఒక్కసారే వచ్చి పడింది. నీటిని పవర్‌హౌస్‌కు తెచ్చే పైపు కూడా దెబ్బతింది. మన శ్రీశైలం 308 టీఎంసీల నుంచి 215 టీఎంసీలకు పడిపోవడానికి దశాబ్దాలు పట్టింది. హిమాలయాల్లో ఒక్క రాత్రి చాలు.

అంతకన్నా పెద్ద భయం పైన, మంచులో ఉంది. 1985 ఆగస్టు 4న ఎవరెస్ట్ ప్రాంతంలో దిగ్ త్సో అనే హిమ సరస్సు గట్టు తెగింది. దాదాపు పూర్తయిన నామ్చే చిన్న జలవిద్యుత్ కేంద్రం కొట్టుకుపోయింది. ఇది నలభై ఏళ్ల నాటి హెచ్చరిక. హిమానీనదాలు కరిగి వెనక్కి జరుగుతున్నకొద్దీ వాటి ముందు మట్టి గట్ల వెనక సరస్సులు పెరుగుతున్నాయి. కోశీ, గండకీ, కర్ణాలీ పరీవాహకాల్లో ప్రమాదకరమైనవి 47 ఉన్నాయని 2020లో లెక్క తేలింది. వాటిలో 25 టిబెట్ వైపు ఉన్నాయి. అంటే సరస్సు ఒక దేశంలో, వరద ఇంకో దేశంలో. 2016లో టిబెట్ నుంచి దిగిన అలాంటి వరదే భోటే కోశీ కేంద్రాన్ని దెబ్బతీసింది. అంతకు ముందటి ఏడాది భూకంపంలో దెబ్బతిన్నదీ అదే కేంద్రం. 2025 జూలైలో రసువాగఢీ దగ్గర చైనా సరిహద్దు వంతెన కొట్టుకుపోయింది, 111 మెగావాట్ల కేంద్రం పాడైంది.

మన దేశంలోనూ ఇదే కథ. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో వానా లేదు, వరద కాలమూ కాదు. రోంటీ శిఖరం నుంచి రాయి, మంచు కలిసి విరిగిపడి రిషిగంగ కేంద్రాన్ని తుడిచిపెట్టాయి, తపోవన్ దగ్గర సొరంగంలో పనివాళ్లను పొట్టనపెట్టుకున్నాయి. చనిపోయినవారు, జాడ తెలియనివారు కలిపి 200 పైమాటే. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ ల్హోనక్ సరస్సు తెగి 1,200 మెగావాట్ల తీస్తా-3 డ్యామ్‌ను తీసుకుపోయింది. అదే చోట అంతకు దాదాపు రెట్టింపు ఎత్తున్న కాంక్రీట్ డ్యామ్‌కు 2025లో నిపుణుల కమిటీ పచ్చజెండా ఊపింది. కాంక్రీట్ బలమైనదే. పైన సరస్సులో మిగిలిన నీటి సంగతేమిటన్నది డ్యామ్ ఎత్తుతో తేలే ప్రశ్న కాదు.

సరస్సులను కనిపెట్టుకుని ఉండటం అసాధ్యమేమీ కాదు. తామాకోశీలో కలిసే రోల్వాలింగ్ లోయ పైన ఉన్న త్సో రోల్పా సరస్సుకు కాలువ తవ్వి 2000 నాటికి నీటిమట్టాన్ని 3 మీటర్లు దించారు. అలాంటివి ఇంకా చేయాలి. దానికి డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గరే ఆగిపోతుంది. కింద కరెంటు అమ్ముకునే కంపెనీలు పైన సరస్సు తమది కాదంటాయి.

వాటాలు, అప్పులు

నేపాల్ చేసిన ఒక ప్రయోగం మన దగ్గర కనిపించదు. ప్రజలకు వాటాలు అమ్మే జలవిద్యుత్ కంపెనీ ప్రాజెక్టు ప్రాంత వాసులకు 10 శాతం వాటా ఇవ్వాలి. ప్రభుత్వానికి కట్టే రాయల్టీలో సగం కేంద్రానికి, పావు రాష్ట్రానికి, పావు స్థానిక సంస్థలకు వెళ్తుంది. పరిహారం ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకోవడం కన్నా ఇది ఎంతో మేలైన ఆలోచన. పోలవరం ముంపు గ్రామాల చర్చలు విన్నవారికి ఆ తేడా వెంటనే అర్థమవుతుంది.

అయితే వాటా అంటే లాభంలోనే కాదు, నష్టంలోనూ భాగమే. అప్పర్ తామాకోశీని విదేశీ అప్పు లేకుండా దేశీయ సంస్థల డబ్బుతో, ఉద్యోగుల భవిష్యనిధి డబ్బుతో, దోలఖా వాసుల వాటాలతో కట్టారు. గర్వపడాల్సిన విషయమే. 2016కి పూర్తి కావాల్సింది భూకంపం, దిగ్బంధం, కాంట్రాక్టుల జాప్యంతో 2021 దాకా సాగింది. వడ్డీలతో కలిపి ఖర్చు తొలి అంచనాకు రెట్టింపు దాటింది. తొలి ఏళ్లలో కంపెనీ నష్టాలు చూపింది. ఆపైన 2024 సెప్టెంబరు చివర్లో వచ్చిన భారీ వరదల్లో దెబ్బతిని దాదాపు మూడు నెలలు ఉత్పత్తి ఆగింది. కొండచరియ పడే ప్రమాదం, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి కొన్న వాటా విలువ పడే ప్రమాదం రెండూ ఒకే ఊరివాళ్ల మీద పడితే, ఆ పథకాన్ని ఇంకొంచెం ఆలోచించి రాయాల్సింది.

భూటాన్ దారి వేరు. అక్కడ పెద్ద ప్రాజెక్టులను భారత్ డబ్బిచ్చి కట్టింది, మిగులు కరెంటు కొంటుంది. 1980ల్లో వచ్చిన 336 మెగావాట్ల చుఖాకు 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. 2019లో వచ్చిన 720 మెగావాట్ల మాంగ్దేచుకు లెక్క తలకిందులైంది: 30 శాతం గ్రాంటు, 70 శాతం అప్పు. చుఖా లాంటి తొలి ప్రాజెక్టులతో వచ్చిన ఆదాయం బడులు, ఆసుపత్రులు నడిపిన మాట నిజం. కానీ 2008లో మొదలుపెట్టిన 1,200 మెగావాట్ల పునాత్సాంగ్చు-1లో 2013లో డ్యామ్ పక్కన కొండ జారింది. అప్పటి నుంచి ఆ కొండను నిలబెట్టే పనికే ఏళ్లు, కోట్లు పోశారు. ఇంత జలవిద్యుత్ ఉన్న భూటాన్ కూడా చలికాలంలో భారత్ నుంచి కరెంటు తెచ్చుకుంటుంది.

దాచుకునే పెట్టె ఎవరి ఊళ్లో పెట్టాలి

చలికాలపు యూనిట్ కావాలంటే నీటిని దాచాలి. దాచాలంటే లోయను ముంచాలి. కొండ దేశంలో లోయ అంటే సాగుభూమి, బజారు, రోడ్డు, జనం అంతా ఉండే చోటు. మిగతాదంతా నిటారు కొండే. అందుకే అక్కడ ఒక ఎకరం మునగడం మైదానంలో ఒక ఎకరం మునగడంతో సమానం కాదు.

గోర్ఖా, ధాదింగ్ జిల్లాల మధ్య 1,200 మెగావాట్ల బూఢీ గండకీ ఈ చిక్కుకు నిలువెత్తు ఉదాహరణ. 263 మీటర్ల డ్యామ్, 8 వేలకు పైగా కుటుంబాలకు స్థానభ్రంశం. 2017లో ఒక చైనా కంపెనీకి ఇచ్చారు, అదే ఏడాది రద్దు చేశారు, 2018లో మళ్లీ ఇచ్చారు, 2022లో మళ్లీ రద్దు చేశారు. ప్రభుత్వం మారినప్పుడల్లా నిర్ణయం మారింది. ఈలోగా ఈ ప్రాజెక్టు పేరు చెప్పి దేశమంతా పెట్రోలు మీద ప్రత్యేక పన్ను కడుతూ వచ్చింది. పరిహారం కింద వేల కోట్ల నేపాలీ రూపాయలు పంచారు. తీసుకున్నవారిలో కొందరు నగరాలకు వెళ్లిపోయారు. మిగిలినవారు మునుగుతుందో లేదో తెలియని ఊళ్లో ఇల్లు కట్టుకోలేరు, పొలం అమ్ముకోలేరు. డ్యామ్ కట్టకముందే ముంపు మొదలవడమంటే ఇదే.

తెలుగువాళ్లకు నేరుగా సంబంధమున్న కేసు కర్ణాలీ నది మీద ఉంది. రాజాం ప్రాంతానికి చెందిన గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్ సంస్థ 900 మెగావాట్ల అప్పర్ కర్ణాలీకి 2014 సెప్టెంబరులో ఒప్పందం చేసుకుంది. నేపాల్‌కు 12 శాతం ఉచిత కరెంటు, 27 శాతం ఉచిత వాటా. కాగితం మీద ఇది నేపాల్‌కు చెడ్డ బేరమేమీ కాదు. ఆర్థిక ఏర్పాట్లు కుదరక గడువులు పొడిగిస్తూ పోవడం ఒక వివాదమైతే, నాకు ఆసక్తి కలిగించేది ఇంకో వివాదం. అదే చోట పెద్ద జలాశయం కడితే 4,180 మెగావాట్లు తీయొచ్చని, ఎండు నెలల్లోనూ కరెంటు దొరుకుతుందని, చిన్న ప్రాజెక్టుతో చోటు పాడుచేస్తున్నారని నేపాల్లో విమర్శకులు అంటారు.

ఆ పెద్ద జలాశయం వస్తే లాభం ఒక్క కరెంటుతో ఆగదు. వానాకాలం నీటిని పట్టి చలికాలం వదిలితే కింద ఉత్తరప్రదేశ్‌లో వరద తగ్గుతుంది, రబీకి నీరందుతుంది. మునిగేది నేపాల్ లోయ, పండేది భారత పొలం. దానికి భారత్ డబ్బివ్వాలా? కెనడా, అమెరికా మధ్య 1961 నాటి కొలంబియా నది ఒప్పందంలో పైనున్న కెనడాకు వరద రక్షణ కింద సొమ్ము, కింద అదనంగా తయారైన కరెంటులో సగం దక్కాయి. హిమాలయాల్లో అలాంటి లెక్క ఇంతవరకు ఎక్కడా కుదరలేదు. 1996లో భారత్, నేపాల్ మధ్య మహాకాళీ నది ఒప్పందం మీద సంతకాలైనా, దాని కింద కట్టాల్సిన పంచేశ్వర్ డ్యామ్ ఇంకా నివేదికల దశలోనే ఉంది. భారత్‌తో చేసుకున్న 1954 కోశీ, 1959 గండక్ నదీ ఒప్పందాల్లో తాము మోసపోయామన్న భావన నేపాల్లో బలంగా ఉంది. 2008లో కోశీ గట్టు నేపాల్ భూభాగంలోని కుసహా దగ్గర తెగి, అక్కడి ఊళ్లతో పాటు బిహార్‌లో లక్షల మంది వరదలో చిక్కుకున్నారు. ఆ జ్ఞాపకం రెండు వైపులా ఇంకా పచ్చిగానే ఉంది. ఇంత అపనమ్మకంలో 250, 300 మీటర్ల డ్యామ్‌ల మీద ఆశ పెట్టుకోవడం నాకు తెలివైన పనిగా అనిపించదు.

అందుకు బదులు చిన్న జవాబులు రెండు మూడు కలపొచ్చు. నేపాల్ చలికాలంలో వాన ఉండదు, ఎండ బాగా ఉంటుంది. నది చిక్కిపోయే నెలల్లోనే పగటిపూట సోలార్ బాగా పనిచేస్తుంది. పగలు సోలార్ మోస్తే, ఉన్న కొద్దిపాటి నిల్వ నీటిని సాయంత్రానికి దాచుకోవచ్చు. కాలీ గండకీ-ఎ లాంటి కేంద్రాల దగ్గరున్న చిన్న చెరువులు కూడా కొన్ని గంటల నిల్వకు సరిపోతాయి. తనహూలో కడుతున్న 140 మెగావాట్ల మధ్యతరహా జలాశయం పూర్తయితే కులేఖానీకి తోడు దొరుకుతుంది. అక్కడి ముంపు బూఢీ గండకీతో పోలిస్తే చాలా తక్కువ. సోలార్‌కు నేపాల్ ఇన్నాళ్లూ చిన్నచూపే చూసింది. నీటి దేశమన్న పేరు పడ్డాక ఎండ మీద డబ్బు పెట్టడం నామోషీ అనిపించిందేమో. బూఢీ గండకీ ఫైలుకు మరో ప్రభుత్వం దుమ్ము దులిపే లోపు, దేశానికి దక్షిణాన ఉన్న తెరాయి మైదానంలో సోలార్ ప్యానెళ్లు ఒక చలికాలానికే కరెంటు ఇవ్వడం మొదలుపెట్టగలవు.